హామ్ రేడియో స్టేషన్‌లో హమ్: దాని దారి కనిపెట్టి మూసే పద్ధతి

రాత్రి ఏడున్నర దాటితే నా మాట వెనుక గుయ్యిమని ఒక మోత, అంటే హమ్, మొదలయ్యేది. 7 మెగాహెర్ట్జ్ మీద రోజూ కలిసే తోటి హామ్ (లైసెన్సుతో సొంత రేడియో స్టేషన్ నడిపే ఔత్సాహికుడు), ఒక పెద్దాయన, "మీ వెనుక ఎవరో తంబూరా మీటుతున్నారండీ" అని చెప్పారు. పొద్దున పూట అదే రేడియో, అదే మైకు, అదే యాంటెన్నా. ఆయనే విని "ఇప్పుడు శుభ్రంగా ఉంది" అనేవారు. ఆ నెలలో నేను ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు కొన్నాను, ఫెరైట్ (అయస్కాంత గుణమున్న పింగాణీ) రింగులకు తీగలు చుట్టాను, మైకు కేబుల్ మార్చాను. రాత్రి ఏడున్నరకు తంబూరా యథాప్రకారం మోగింది. అసలు కారణం వీటిలో దేనికీ సంబంధించినది కాదు. అదేమిటో పవర్ సప్లయి దగ్గరకు వచ్చినప్పుడు చెబుతాను. ఆ నెల నాకు నేర్పింది ఒక్కటే: హమ్‌కు మందు వెతకడానికి ముందు అది ఏ దారిన వస్తోందో కనిపెట్టాలి. దారి తెలిస్తే మందు సాధారణంగా చవకైనదే. దారి తెలియకుండా కొన్న ఖరీదైన పరికరం అలమరలో మూలన పడుతుంది.

కింద చెప్పిన పనులను ఇదే వరుసలో చేయండి. ఒకసారికి ఒక మార్పు మాత్రమే చేయండి. రెండు మార్పులు కలిపి చేసి హమ్ పోతే, ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. దగ్గర ఒక నోటుపుస్తకం, ఒక మల్టీమీటర్, 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు తగిలించే, ప్రసార శక్తిని వేడిగా మార్చే రెసిస్టర్), 12 వోల్టుల బ్యాటరీ ఒకటి, మీ ప్రసారాన్ని మీరే వినడానికి రెండో రిసీవర్ ఒకటి ఉంచుకోండి. రెండో రిసీవర్ లేకపోతే ఊళ్లో ఉన్న తోటి హామ్‌ను రికార్డు చేసి పంపమని అడగండి.

ముందు చెవి పెట్టి వినండి

అన్ని మోతలూ ఒకటి కావు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. లోతుగా, బొంగురుగా, దాదాపు ఛాతీకి తగిలినట్టు వినిపించేది 50 హెర్ట్జ్ మోత. ఇది గ్రౌండ్ లూప్ (పరికరాల గ్రౌండ్ తీగలు ఒకటికి మించిన దారుల్లో కలిసి ఏర్పడే చుట్టు) నుంచి గానీ, దగ్గరలోని ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం నుంచి గానీ, ఎక్కడో తెగిపోయిన షీల్డు (తీగను చుట్టి ఉండే లోహపు అల్లిక) నుంచి గానీ వస్తుంది. దానికి సరిగ్గా ఒక స్థాయి పైన పలికేది 100 హెర్ట్జ్. ఫుల్‌వేవ్ రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే డయోడ్ల బ్రిడ్జి) ప్రతి అర తరంగాన్నీ వాడుకుంటుంది కాబట్టి పవర్ సప్లయి రిపుల్ (డీసీలో మిగిలిపోయే ఎగుడుదిగుడు) 100 హెర్ట్జ్‌లో ఉంటుంది. బ్రిడ్జిలో ఒక డయోడు తెగిపోతే మాత్రం ఆ రిపుల్‌లో 50 హెర్ట్జ్ కూడా వచ్చి చేరుతుంది. గరగరమని, కందిరీగ తిరిగినట్టు, పదునుగా వినిపిస్తే అందులో 50కి పై గుణిజాలు చాలా ఉన్నాయని అర్థం. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్, చవకరకం ఎల్‌ఈడీ బల్బు, స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ ఇలాంటి మోత చేస్తాయి.

చెవి మీద నమ్మకం లేకపోతే రికార్డు చేసి ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రమ్ చూడండి. ఏ గీత ఎత్తుగా ఉందో కనబడుతుంది. వినేటప్పుడు హెడ్‌ఫోన్ పెట్టుకోవాలి. ఫోను స్పీకర్ 50 హెర్ట్జ్‌ను పలకనే పలకదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. ఎస్‌ఎస్‌బీ (హామ్‌లు మాట పంపడానికి ఎక్కువగా వాడే సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతి) ట్రాన్స్‌మిటర్ ఫిల్టరు సుమారు 300 హెర్ట్జ్ కన్నా కింది ధ్వనిని కోసేస్తుంది. కాబట్టి మైకు దారిలో చొరబడిన శుద్ధమైన 50 హెర్ట్జ్ అవతలివారి దాకా వెళ్లడం కష్టం. వెళ్లేవి దాని పై గుణిజాలే. "నా స్పెక్ట్రమ్‌లో 50 దగ్గర ఏమీ లేదు, కాబట్టి ఇది కరెంటు మోత కాదు" అనుకోకండి. 350, 450, 550 దగ్గర సమాన దూరంలో గీతలు నిలబడితే అది కరెంటు మోతే. ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో నడిచే డిజిటల్ ప్రసార పద్ధతి) వాడేవారికి ఇది ఇంకా తేటగా కనబడుతుంది. వాటర్‌ఫాల్‌లో (సిగ్నళ్లను గీతలుగా చూపే తెర మీద) మీ సిగ్నల్‌కు రెండు పక్కలా 50 లేదా 100 హెర్ట్జ్ దూరంలో సన్నని నీడగీతలు పడితే, మీ ప్రసారం మీదే కరెంటు మోత ఎక్కి కూర్చుందన్నమాట.

తరువాత, ఎప్పుడు మోగుతోందో చూడండి

నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసుకోండి. వినేటప్పుడు మాత్రమే ఉందా? ప్రసారంలో మాత్రమే ఉందా? రెంటిలోనూ ఉందా? మాట్లాడినప్పుడు మాత్రమే వచ్చి, ఆగితే పోతోందా?

వినేటప్పుడు ఉంటే వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. అప్పటికీ మోగుతుంటే లోపం వాల్యూమ్ నాబ్ తరువాతి భాగంలో ఉంది. అంటే స్పీకర్ యాంప్లిఫయర్, దాని పవర్ సప్లయి, బయట పెట్టిన స్పీకర్ తీగ. వాల్యూమ్‌తో పాటు తగ్గితే యాంటెన్నా తీయండి. యాంటెన్నా తీయగానే పోతే అది గాలిలోంచి వస్తున్న రొద. దానికి ఆడియో తీగలతో పని లేదు.

ప్రసారంలో ఉంటే డమ్మీ లోడ్ తగిలించి, పవర్ తగ్గించి, మైకు గెయిన్ (మైకు ధ్వనిని పెంచే నాబ్) సున్నా చేసి పీటీటీ (ప్రసారం మొదలుపెట్టే మీట) నొక్కండి. రెండో రిసీవర్‌లో ఏమైనా వినబడుతోందా? ఎస్‌ఎస్‌బీలో ఏమీ రాకూడదు. గెయిన్ పెంచుతున్న కొద్దీ మోత పెరిగితే అది మైకు దారిలో వస్తోంది. గెయిన్‌తో సంబంధం లేకుండా, మాట్లాడినప్పుడే మాటతో కలిసి గరగరమంటే పవర్ సప్లయిని అనుమానించండి. డమ్మీ లోడ్ మీద నిశ్శబ్దంగా ఉండి, యాంటెన్నా పెట్టగానే వస్తే అది ఆర్‌ఎఫ్ (ప్రసారమయ్యే రేడియో తరంగ శక్తి) తిరిగి గదిలోకి వచ్చి ఆడియోలో దూరుతున్న లక్షణం. ఈ మూడు ఫలితాలే తరువాతి పనినంతా నిర్ణయిస్తాయి. అందుకే ఈ అడుగు దగ్గర తొందర వద్దు.

స్టేషన్‌ను ఒలిచేయండి

రేడియో, మైకు, డమ్మీ లోడ్ మిగిలేలా మిగతావన్నీ ఊడదీయండి. స్విచ్ ఆపితే చాలదు, తీగ తీయాలి. ఆపేసిన కంప్యూటర్ షీల్డు కూడా గ్రౌండ్ దారే. రేడియోను బ్యాటరీ మీద నడపండి. 7 ఆంపియర్-అవర్ల యూపీఎస్ బ్యాటరీ అయితే ప్రసార శక్తి ఐదారు వాట్లకు తగ్గించుకోండి. కారు బ్యాటరీ ఉంటే ఇబ్బంది లేదు.

ఈ స్థితిలోనూ మోత ఉంటే లోపం రేడియోలోనో మైకులోనో ఉంది. వేరే మైకు పెట్టి చూస్తే తేలిపోతుంది. మోత లేకపోతే ఒక్కొక్క వస్తువునూ తిరిగి కలపండి. ముందు పవర్ సప్లయి, తరువాత యాంటెన్నా, ఎర్త్ తీగ, బయటి స్పీకర్, కంప్యూటర్ ఆడియో, క్యాట్ కేబుల్ (కంప్యూటర్ నుంచి రేడియోను నియంత్రించే తీగ), ఆఖరున ల్యాప్‌టాప్ చార్జర్. ప్రతిసారీ విని రాయండి. మోత ఎక్కడ మొదలైతే అక్కడ ఆగండి. కలిపిన ఆఖరి వస్తువే దోషి కావాలని లేదు. అది లూప్‌ను పూర్తి చేసిన ఆఖరి ముక్క కావచ్చు.

పవర్ సప్లయి

ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాతరకం లీనియర్ సప్లయిలో రిపుల్ ఎక్కువైతే మొదట చూడవలసింది పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లను. లెక్క సులభం. 100 హెర్ట్జ్‌లో ఒక్కో ఉబ్బుకూ మధ్య 10 మిల్లీసెకన్లు ఉంటాయి. ఆ కాలమంతా కెపాసిటరే కరెంటు ఇస్తుందనుకుంటే, 5 ఆంపియర్ల లోడుకు 2 వోల్టుల రిపుల్‌తో సరిపెట్టుకోవాలంటే 25,000 మైక్రోఫారాడ్లు కావాలి. 20 ఆంపియర్లకు లక్ష కావాలి. పదిహేనేళ్ల పాత కెపాసిటర్ మన ఎండలకు ఎండిపోయి, పైన రాసిన విలువలో సగం కూడా ఇవ్వకపోవచ్చు. పైభాగం ఉబ్బినా, అడుగున మరక కనిపించినా మార్చేయండి. తాకే ముందు దానిలోని చార్జిని రెసిస్టర్ ద్వారా పూర్తిగా దింపాలి.

మల్టీమీటర్‌ను ఏసీ రేంజిలో పెట్టి, రేడియో ప్రసారం చేస్తుండగా 13.8 వోల్టుల టెర్మినళ్ల మీద కొలవండి. కొన్ని మీటర్లు ఏసీ రేంజిలో డీసీని కూడా కలిపి చూపిస్తాయి కాబట్టి ఒక తీగకు వరుసలో 1 మైక్రోఫారాడ్ కెపాసిటర్ పెట్టుకోండి. పదీ పదిహేను మిల్లీవోల్టుల లోపు ఉంటే పవర్ సప్లయి నిర్దోషి. వందల్లో ఉంటే దొంగ దొరికినట్టే.

నా తంబూరా కథ ఇక్కడే తేలింది. నా సప్లయి ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ 18 వోల్టులు. పగలు ఇంట్లో 230 వోల్టులు ఉన్నంత సేపు ఏ లోటూ లేదు. రాత్రి వీధి వీధంతా ఏసీలు, మోటార్లు వేశాక మీటర్ పెట్టి చూస్తే 182 వోల్టులు. అప్పుడు సెకండరీ 14.2 వోల్టులకు పడిపోతుంది. దాని శిఖరం 20 వోల్టులు. డయోడ్లు రెండు వోల్టులు తింటాయి, పూర్తి లోడులో వైండింగు మరో రెండు తింటుంది. మిగిలిన 16 వోల్టులలో రిపుల్ లోయ 3 వోల్టుల లోతు. అంటే సెకనుకు వందసార్లు రెగ్యులేటర్ చేతికి 13 వోల్టులే అందుతున్నాయి. అది 13.8 ఎక్కడి నుంచి తెస్తుంది? మాట గట్టిగా పలికిన ప్రతిసారీ లోడు పెరిగి రిపుల్ నేరుగా రేడియోలోకి జారేది. ఏ ఆడియో ట్రాన్స్‌ఫార్మరూ ఏ ఫెరైట్ రింగూ దీన్ని ఆపలేవు. నేను సప్లయికి ముందు స్టెబిలైజర్ పెట్టాను. మోత ఆ రాత్రే పోయింది. మీ హమ్‌కు కూడా వేళాపాళా ఉంటే, ముందు గోడ సాకెట్లో వోల్టేజి చూడండి.

పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ లేని, తేలికైన స్విచ్‌మోడ్ సప్లయిలు తక్కువ వోల్టేజిని బాగానే తట్టుకుంటాయి. వాటి చిక్కు వేరు. అది ఎర్త్‌తో ముడిపడి ఉంది.

ఇన్వర్టర్ గురించి ఒక మాట. కరెంటు పోయినప్పుడే మోత వస్తుంటే మీ ఇన్వర్టర్ స్క్వేర్‌వేవ్ రకమేమో చూడండి. ఆ తరంగంలో 150, 250, 350 హెర్ట్జ్ గుణిజాలు దండిగా ఉంటాయి. రేడియోకు వేరే బ్యాటరీ పెట్టుకోవడమే మంచి మార్గం. తుపాను వచ్చినప్పుడు అవసరమయ్యేదీ ఆ బ్యాటరీయే.

ఎర్త్

ఒక హెచ్చరిక ముందు చెప్పాలి. హమ్ పోవడానికి ప్లగ్గులోని ఎర్త్ పిన్ను తీసేయమని మీకు ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మోత నిజంగానే తగ్గవచ్చు. కానీ లోపల ఫేజు చట్రానికి తగిలిన రోజున ఆ లోహపు పెట్టె మీద 230 వోల్టులు నిలబడి, మీ చేయి కోసం ఎదురుచూస్తుంది. తెంచవలసి వస్తే ఆడియో గ్రౌండ్‌ను తెంచాలి. కరెంటు ఎర్త్‌ను ఎన్నడూ తెంచకూడదు.

మన ఇళ్లలో తరచు ఎదురయ్యే కష్టం దీనికి తిరగబడింది. మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది, వెనుక ఎర్త్ తీగ ఉండదు. లేదా తీగ ఉంటుంది, అది చేరే ఎర్త్ గొయ్యి ఎండిపోయి ఉంటుంది. స్విచ్‌మోడ్ సప్లయిలో, ల్యాప్‌టాప్ చార్జర్‌లో వడపోత కోసం ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు చట్రానికి కలిపి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ లీకేజి నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే చట్రం మీద సుమారు సగం వోల్టేజి, అంటే 115 వోల్టుల దాకా తేలుతుంది. ల్యాప్‌టాప్ లోహపు మూత మీద వేలు రాస్తే జివ్వుమనడం మీకు అనుభవమే అయి ఉంటుంది. ఆ కరెంటు చాలా చిన్నది. కానీ దానికి నేల దారి దొరకనప్పుడు మీ ఆడియో కేబుల్ షీల్డు గుండా రేడియోకు, అక్కడి నుంచి కోక్స్ (యాంటెన్నా కేబుల్) గుండా యాంటెన్నా ఎర్త్‌కు ప్రయాణిస్తుంది. మైకు దారిలో మిల్లీవోల్టులే లెక్క. అంత చిన్న కరెంటైనా పెద్ద మోత చేస్తుంది.

పరీక్ష ఇలా. సాకెట్లో ఫేజు-న్యూట్రల్ మధ్య, ఫేజు-ఎర్త్ మధ్య, న్యూట్రల్-ఎర్త్ మధ్య వోల్టేజి కొలవండి. మొదటి రెండూ దాదాపు సమానంగా, మూడోది ఒకటి రెండు వోల్టులకు మించకుండా ఉండాలి. మల్టీమీటర్ ఒక్కటే చాలదు, ఎందుకంటే అది తీసుకునే కరెంటు అతి తక్కువ కాబట్టి బలహీనమైన ఎర్త్‌ను కూడా బాగుందని చూపిస్తుంది. ఎలక్ట్రీషియన్ ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 60 వాట్ల బల్బు పెట్టి చూస్తే నిజం తెలుస్తుంది. బల్బు నిండుగా వెలిగితే మంచిది, మసకగా వెలిగితే గొయ్యి బాగు చేయించాలి. ఆర్‌సీసీబీ (కరెంటు నేలలోకి లీకైతే సరఫరా ఆపే స్విచ్) ఉన్న ఇంట్లో ఈ పరీక్షకు అది ట్రిప్ అవుతుంది. అదే ఎర్త్ దారి ఉందనడానికి ఒక గుర్తు. ఈ పని అనుభవం ఉన్నవారికే అప్పగించండి.

రెండున్నర మీటర్ల జీఐ పైపు, చుట్టూ బొగ్గూ ఉప్పూ, ఎండాకాలంలో వారానికొకసారి బిందెడు నీళ్లు. మన ఇళ్లకు తెలిసిన ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది.

రేడియో కోసం విడిగా మరో కడ్డీ పాతుకున్నవారు చాలామంది ఉన్నారు. పాతడంలో తప్పులేదు. దాన్ని ఇంటి ఎర్త్‌తో కలపకుండా వదిలేయడమే తప్పు. రెండు కడ్డీల మధ్య నేలలో ఎప్పుడూ కొంత వోల్టేజి తేడా ఉంటుంది. ఆ తేడా మీ బల్ల మీది తీగల్లోంచి పారుతుంది, అదే హమ్. పిడుగు దగ్గరలో పడినప్పుడు అదే తేడా వేల వోల్టులవుతుంది. రెండు ఎర్త్‌లనూ లావుపాటి రాగి తీగతో కలిపేయండి. "రేడియో ఎర్త్ వేరుగా ఉంటేనే శుభ్రం" అన్న మాట పాత నమ్మకం. నాకు తెలిసినంతలో అది చేసిన మేలు లేదు.

బల్ల వెనుక ఒక రాగి పట్టీ బిగించి, రేడియో, పవర్ సప్లయి, ట్యూనర్, కంప్యూటర్ చట్రాలన్నిటినీ పొట్టి, లావు తీగలతో దానికి కలపండి. అన్నిటి ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో, ఆ బోర్డు ఒకే గోడ సాకెట్లో ఉండాలి. కంప్యూటర్ ఒక గది సాకెట్లో, రేడియో మరో గది సాకెట్లో ఉంటే ఇంటి వైరింగు మొత్తం మీ గ్రౌండ్ లూప్‌లో భాగమవుతుంది.

కంప్యూటర్‌కూ రేడియోకూ మధ్య

నేను చూసిన స్టేషన్లలో ఎక్కువ హమ్‌లు ఇక్కడే దొరికాయి. ముందు ఉచిత పరీక్ష చేయండి. ల్యాప్‌టాప్ చార్జర్‌ను గోడ నుంచి పీకేయండి. మోత ఆగిపోతే దారి తేలినట్టే: చార్జర్, ల్యాప్‌టాప్, ఆడియో షీల్డు, రేడియో, ఎర్త్. దీనికి విరుగుడు రెండు రకాలు. ఆ దారిని తెంచడం ఒకటి. రెండు చట్రాల మధ్య వోల్టేజి తేడా పుట్టకుండా లావు తీగతో కలిపేయడం రెండోది. పైన చెప్పిన రాగి పట్టీ రెండో విరుగుడే. చాలా స్టేషన్లలో అదే సరిపోతుంది. సరిపోనప్పుడు తెంచుదాం.

కావలసినవి 600 ఓమ్‌ల నుంచి 600 ఓమ్‌లకు, 1:1 నిష్పత్తి ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు రెండు. ఒకటి రేడియో నుంచి కంప్యూటర్‌కు, ఒకటి కంప్యూటర్ నుంచి రేడియోకు. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో అడిగి చూడండి. పాత డయలప్ మోడెమ్ కార్డుల్లోని లైన్ ట్రాన్స్‌ఫార్మర్ ఊడదీసినా బాగా పనిచేస్తుంది.

కంప్యూటర్ ఆడియో ప్లగ్గు కొన, స్లీవ్ తీగలను ఒక వైండింగుకు కలపండి. రెండో వైండింగును రేడియో డేటా జాక్‌కు కలపండి. చాలా రేడియోల్లో ఉండే 6 పిన్నుల మినీ డిన్ జాక్‌లో ఒకటో పిన్ను లోపలికి వెళ్లే ఆడియో, రెండోది గ్రౌండ్, మూడోది పీటీటీ, ఐదోది బయటికి వచ్చే మామూలు ఆడియో. మీ రేడియో మాన్యువల్‌లో సరిచూసుకోకుండా టంకం పెట్టకండి.

ఇక పెట్టె. ఎంతో జాగ్రత్తగా ట్రాన్స్‌ఫార్మర్ కట్టి, లోహపు పెట్టెలో లోహపు జాక్‌లు బిగించి, అయినా మోత పోలేదని బాధపడేవారిని చూశాను. కంప్యూటర్ జాక్ స్లీవూ, రేడియో జాక్ స్లీవూ రెండూ పెట్టెను తాకుతున్నాయి. మీరు లోపల తెంచిన గ్రౌండ్‌ను పెట్టె బయట మళ్లీ కలిపేసింది. ఒక వైపు జాక్‌లకు ప్లాస్టిక్ వాషర్లు వేయాలి. పెట్టె రేడియో వైపు గ్రౌండ్‌కు మాత్రమే కలవాలి. పని అయ్యాక రెండు గ్రౌండ్‌ల మధ్య ఓమ్ మీటర్ పెట్టి చూడండి. అసలేమీ చూపించకూడదు.

ఇదే పొరపాటు మరో రూపంలో ఉంటుంది. ఆడియోకు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, క్యాట్ కేబుల్‌నూ పీటీటీ తీగనూ నేరుగా కలిపేస్తాం. వాటి గ్రౌండ్ తీగ లూప్‌ను మళ్లీ మూసేస్తుంది. పీటీటీకి ఒక ఆప్టోకప్లర్ (తీగ కలపకుండా వెలుగుతో సంకేతం దాటించే చిన్న భాగం) పెట్టండి. పీసీ817 లేదా 4ఎన్35 చాలు. సీరియల్ అడాప్టర్‌లోని ఆర్‌టీఎస్ అనే నియంత్రణ తీగను 1 కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా లోపలి ఎల్‌ఈడీకి ఇవ్వండి. ఆ ఎల్‌ఈడీకి తలకిందులుగా ఒక 1ఎన్4148 డయోడ్ పెట్టండి. కలెక్టర్ పీటీటీకి, ఎమిటర్ రేడియో గ్రౌండ్‌కు. క్యాట్ తీగకు యూఎస్‌బీ ఐసోలేటర్ వాడవచ్చు. రేడియోలోనే సౌండ్ కార్డు ఉండి ఒక్క యూఎస్‌బీ తీగతో పని జరిగే కొత్త రేడియోలకూ అదే మార్గం. అయితే చవక ఐసోలేటర్లు 12 మెగాబిట్ వేగం వరకే పనిచేస్తాయి. మీ రేడియోకు అది చాలుతుందో లేదో కొనే ముందు చూసుకోండి.

డేటా జాక్ లేని రేడియోలో మైకు జాక్ ద్వారానే పంపవలసి వస్తుంది. మైకు ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులు, కంప్యూటర్ ఇచ్చేది వోల్టుకు దగ్గర. వందో వంతుకు తగ్గించాలి. 10 కిలో ఓమ్‌లు వరుసలో, 100 ఓమ్‌లు అడ్డంగా పెడితే సరిపోతుంది. ఆ రెసిస్టర్లను ఎక్కడ పెడుతున్నారన్నదే అసలు కిటుకు. కంప్యూటర్ కొసన పెడితే సిగ్నల్ ముందే చిన్నదైపోయి, కేబుల్ పొడవునా చేరే మోతతో సమానమవుతుంది. రేడియో కొసన, మైకు ప్లగ్గు పక్కనే పెడితే దారిలో చేరిన మోత కూడా వందో వంతు అవుతుంది. పైసా ఖర్చు లేకుండా 40 డెసిబెల్స్ లాభం.

మైనస్ తీగ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంటి వైరింగులో వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ రెండు మీటర్లు వాడారనుకోండి. దాని నిరోధం సుమారు 0.014 ఓమ్. 20 ఆంపియర్లు పారితే మైనస్ తీగ మీదే పావు వోల్టుకు పైగా పడిపోతుంది. కంప్యూటర్ గ్రౌండ్ పవర్ సప్లయి ఎర్త్‌తో కలిసి, ఆడియో షీల్డు రేడియోతో కలిసి ఉంటే, ఆ పావు వోల్టు మీ ఆడియో షీల్డు రెండు కొసల మధ్య కనబడుతుంది. తీగ లావు పెంచండి, పొడవు తగ్గించండి. మైనస్ టెర్మినల్ వదులైతే మొత్తం 20 ఆంపియర్లూ సన్నని ఆడియో షీల్డు గుండా వెళ్లాలని చూస్తాయి. షీల్డు కాలిన వాసన వచ్చేది అందుకే. ఆరు నెలలకొకసారి ఆ స్క్రూ బిగించండి.

మైకు, ట్రాన్స్‌ఫార్మర్ పొరుగు

మైకును చేతిలో పట్టుకుని మెల్లగా తిప్పండి. తిప్పుతుంటే మోత హెచ్చుతగ్గులవుతోందా? అయితే అది అయస్కాంత క్షేత్రం. డైనమిక్ మైకులో ఉన్నది తీగచుట్టే, అది పక్కనున్న పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు చిన్న సెకండరీలా పనిచేస్తుంది. దూరం జరపడమే మందు. ట్రాన్స్‌ఫార్మర్ క్షేత్రం దూరానికి ఘనంలో తగ్గుతుంది, అంటే దూరం రెట్టింపైతే మోత ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పవర్ సప్లయిని బల్ల మీద నుంచి కిందికి దించండి. అల్యూమినియం రేకు అడ్డుపెడితే 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం ఆగదు, షీల్డు అల్లిక కూడా ఆపలేదు. మీరు కట్టిన ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ల పెట్టెకూ ఇదే వర్తిస్తుంది. దాన్ని పవర్ సప్లయి నెత్తిన పెట్టకండి.

మైకును తాకితే మోత పెరిగినా తగ్గినా షీల్డు తెగింది. తరచు తెగేది ప్లగ్గు మెడ దగ్గర.

ప్రసారం చేస్తేనే, అదీ యాంటెన్నా పెడితేనే

ఇది నిజానికి హమ్ కాదు, ఆర్‌ఎఫ్. కోక్స్ పైపొర మీద వెనక్కి వచ్చిన ఆర్‌ఎఫ్ మైకు యాంప్లిఫయర్‌లో డిటెక్ట్ అయి గరగరగా, వంకరపోయిన మాటగా వినబడుతుంది. పవర్ సగానికి తగ్గిస్తే ఒక్కసారిగా మాయమైతే ఇదే. ఒక బ్యాండులో ఉండి మరో బ్యాండులో లేకపోయినా ఇదే.

ఫెరైట్‌కు పని ఇక్కడ ఉంది. 50 హెర్ట్జ్‌కు ఫెరైట్ రింగు చేసేదేమీ లేదు, ఎన్ని తగిలించినా దండగే. హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) ఆర్‌ఎఫ్‌కు మాత్రం మిక్స్ 31 అనే ఫెరైట్ రకం పెద్ద రింగు మీద కోక్స్‌ను పది పన్నెండు చుట్లు చుట్టి, యాంటెన్నా ఫీడ్‌పాయింట్ (కోక్స్ యాంటెన్నాకు కలిసే చోటు) దగ్గర పెడితే గదిలోకి వచ్చే ఆర్‌ఎఫ్ బాగా తగ్గుతుంది. చుట్ల సంఖ్య రెట్టింపైతే అడ్డు దాదాపు నాలుగింతలవుతుంది. తీగ మీద ఒకసారి క్లిప్పు చేసే చిన్న ఫెరైట్లు 7 మెగాహెర్ట్జ్ దగ్గర పెద్దగా పనిచేయవు. మైకు తీగ, యూఎస్‌బీ తీగ కూడా అలాగే ఒక్కో రింగుకు చుట్టండి.

వినేటప్పుడు ఉండి, బ్యాండుతో మారే మోత

స్వయంగా రేడియో కట్టుకునేవారికి ఇది పనికొస్తుంది. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ ఇంట్లోనే కట్టుకోగల బిట్‌ఎక్స్ రేడియో డిజైన్‌ను అందరికీ అందుబాటులోకి తెచ్చాక మన దగ్గర టంకం పట్టిన చేతులు పెరిగాయి. వాటిలో కొన్ని డైరెక్ట్ కన్వర్షన్ (సిగ్నల్‌ను ఒకే మెట్టులో ధ్వనిగా మార్చే) రిసీవర్లూ కడతాయి. ఆ రిసీవర్లలో ఒక వింత మోత ఉంటుంది. డయల్ తిప్పితే కొన్ని చోట్ల బలంగా, కొన్ని చోట్ల తక్కువగా, స్టేషన్ లాగే ట్యూన్ అవుతుంది. రిసీవర్ లోపలి ఆసిలేటర్ శక్తి కొంచెం బయటికి వెళ్లి, సెకనుకు వందసార్లు తెరుచుకుని మూసుకునే పవర్ సప్లయి డయోడ్ల దగ్గర ఆ మోతను ఎక్కించుకుని యాంటెన్నా గుండా తిరిగి వస్తుంది. రిసీవర్ తన ఆసిలేటర్‌నే తాను వింటోందన్నమాట. ఆడియో భాగంలో ఎన్ని కెపాసిటర్లు పెట్టినా పోదు. బ్రిడ్జిలోని ఒక్కో డయోడ్ మీద 0.01 మైక్రోఫారాడ్ సెరామిక్ కెపాసిటర్ పెట్టండి. అవి తగినంత వోల్టేజి రేటింగు ఉన్నవి కావాలి. ఆసిలేటర్‌ను లోహపు డబ్బాలో మూయండి, కోక్స్‌కు చోక్ (పైన చెప్పిన ఫెరైట్ రింగు చుట్టు) పెట్టండి. బ్యాటరీ మీద నడిపితే అసలు ఉండదు.

యాంటెన్నా తీస్తే పోయే గరగర ఇంకొకటి ఉంది. రేడియో బ్యాటరీ మీద ఉండగా ఇంటి మెయిన్ స్విచ్ ఆపేయండి. ఆగిపోతే దోషి మీ ఇంట్లోనే ఉంది. ఒక్కో ఎంసీబీ వేస్తూ గది గది వెతకండి. ఫ్యాన్ రెగ్యులేటర్, ఎల్‌ఈడీ బల్బు, దోమల బ్యాట్ చార్జర్ ముందు వరుసలో ఉంటాయి. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ బదులు కెపాసిటర్లున్న స్టెప్ రకం పెడితే చాలా ఇళ్లలో సగం రొద పోతుంది. మెయిన్ ఆపినా ఆగకపోతే బ్యాటరీ రేడియో చేతపట్టుకుని వీధిలో నడవండి. వర్షం పడగానే మాయమై, ఎండ కాసి గాలి వీచగానే తిరిగి వచ్చే గరగర సాధారణంగా విద్యుత్ స్తంభం మీది వదులు బిగింపు నుంచి వస్తుంది. స్తంభం నంబరు రాసుకుని విద్యుత్ సిబ్బందికి చెప్పండి. మీరు స్తంభాన్ని తాకవద్దు, కదపవద్దు.

మళ్లీ రికార్డు చేయండి

పని అయ్యాక అన్ని తీగలూ కలిపి, మొదట్లో రికార్డు చేసిన వేళకే, అదే పవర్‌తో, అదే మైకు గెయిన్‌తో మళ్లీ రికార్డు చేయండి. రెండు స్పెక్ట్రమ్‌లను పక్కపక్కన పెట్టి చూడండి. మోత మాట కన్నా 40 డెసిబెల్స్ కింద ఉంటే అవతలివారికి వినబడదు. 30 దగ్గరే ఆగిపోతే రెండో దారి ఇంకా తెరిచి ఉంది. ఒక స్టేషన్‌లో రెండు హమ్‌లు ఉండడం అరుదేమీ కాదు. పెద్దది పోయాక చిన్నది బయటపడుతుంది.

ఇంత శ్రమ ఎందుకని అడిగేవారికి 2004 డిసెంబరు గుర్తు చేస్తాను. సునామీ తరువాత అండమాన్‌లో టెలిఫోన్లు మూగబోయినప్పుడు, పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతి ప్రసాద్ హామ్ రేడియో మీదుగా బంధువుల క్షేమ సమాచారాలు బయటి ప్రపంచానికి చేర్చారు. అలాంటి రోజున బలహీనమైన సిగ్నల్ మీద ఒక పేరు, ఒక ఊరు, ఒక అంకె సరిగ్గా వినబడాలి. మోత ఆక్రమించుకున్న ప్రతి వాటూ మాటకు దక్కని వాటే.

కొత్త రికార్డింగును తేదీ, వేళ, సాకెట్ వోల్టేజితో సహా నోటుపుస్తకంలో రాసి దాచండి. కొత్త ల్యాప్‌టాప్ కొన్నప్పుడు, ఇంట్లో వైరింగు మార్చినప్పుడు, ఎండాకాలం ముదిరినప్పుడు మరోసారి రికార్డు చేసి దీనితో పోల్చండి. నా పుస్తకంలో మొదటి పేజీ మీద ఇప్పటికీ ఉన్నది ఒకే వరుస: రాత్రి 7:40, 182 వోల్టులు.